దీపానికి ఎన్ని కొమ్ములు

2011వ సంవత్సరం మే నెల పదిహేడవ తేదీ, మంగళవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు నేను మొదటిసారిగా దొరస్వామి కండ్లద్దాల అంగడి మెట్లెక్కాను. గాలి స్తంభించి ఉన్నది. నగరి బజారులో తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటున్నది. నా కళ్లజోడు కాడ ఊడిపోయింది. ఒక చిన్న మర బిగిస్తే తీరిపోయే పని. నేను తిరిగి మెట్లు దిగేసరికి పన్నెండున్నర అయింది. ఆ గంటా ఇరవై నిమిషాలు ఎక్కడికి పోయాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దొరస్వామికి ఉన్న విచిత్రం ఒక్కటే. కాని ఆ ఒక్కటి పదిమందికి పంచినా మిగిలేటంతది. తన అంగట్లో అడుగుపెట్టిన మనిషి చేత ముందుగా కళ్లజోడు తీయించి, దూరాన వెలిగే ఒక చిన్న దీపాన్ని చూపించి, అది ఏ ఆకారంలో కనబడుతున్నదో గళ్ల కాగితం మీద గీయించనిదే అతడు అద్దాలు ఇవ్వడు. అద్దాల మాట అలా ఉంచండి. మర బిగించడు, తుడుచుకునే గుడ్డముక్క కూడా ఇవ్వడు.

ఆ అంగడి ఒకప్పుడు అతని తండ్రి మగ్గాలు నడిపిన ఇల్లు. రైలుపెట్టెలాగా ఇరుకుగా, పొడుగ్గా ఉంటుంది. కొసన, వెలుతురు చొరని గోడకు ఒక నల్లని డబ్బా, దానికి సూదిమొనంత రంధ్రం, లోపల ఒక బల్బు. తండ్రి చీరల అంచులు గీసుకునే గళ్ల కాగితాల కట్టలు ఇంకా అటకమీద గుట్టలుగా ఉన్నాయి. కాగితం తరుగుతుందన్న భయం అతనికి లేదు. కాలం తరుగుతుందన్న భయం అసలే లేదు.

"అద్దాలు ఈడ పెట్టండి అయివోరా. ఆడ సూడండి. ఏమి కనబడతా ఉండాది?"

"దీపం."

"దీపం అందురికీ కనబడతాది. ఎట్లుండాది?"

"మసకగా ఉంది."

"మసకలో ఏముండాది?"

అప్పటికి నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఇరవై ఆరేళ్లు పనిచేసి ఉన్నాను. ప్రశ్న వేయడం నా వంతు, బెంచీ ఎక్కడం ఎదుటివాడి వంతు అన్న ఏర్పాటుకు అలవాటు పడ్డవాడిని. అయినప్పటికీ, ఎండలో మళ్లీ ఇంకొక అంగడి వెతుక్కునే ఓపిక లేక, చూశాను. ఎనిమిదిన్నర పవరు గల నా ఎడమకంటికి ఆ చిన్న దీపం గుమ్మడికాయంత విచ్చుకున్నది. దాని ఒక అంచు నున్నగా ఉన్నది. రెండవ అంచున పళ్లు పళ్లుగా వెలుగు చీలికలు ఉన్నాయి. నడుమ ఒకచోట పన్ను లేదు. అదే గీశాను.

దొరస్వామి కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఎవరో అంటగొట్టజూచే బంగారాన్ని కంసాలి పరీక్షించినట్టు పరీక్షించాడు.

"విరిగిన దువ్వెన," అన్నాడు. "శానా బాగుండాది. కొమ్ములు ఎన్ని?"

"ఏడు."

"సరిగ్గా లెక్కపెట్టండి. ఎనిమిదోది దాంకోనుంటాది."

అలా ఎనిమిదవ కొమ్ము కోసం మేమిద్దరం ఇరవై నిమిషాలు గడిపాము. అది దొరకలేదు.

దీనివల్ల ప్రయోజనమేమిటని అడిగాను. అడిగి ఉండకూడదు. "మంచి కంటికి దీపం ఒక సుక్క. అంతే. దాంట్లో సూసేదానికి ఏమీ లేదు," అన్నాడు స్టూలు దగ్గరికి లాక్కొని. "మనబోటి సైటు కండ్లకు ఆ సుక్క పువ్వు మాదిరి ఇచ్చుకుంటాది. ఇచ్చుకున్నాక మీకు కనబడేది దీపం గాదు అయివోరా, మీ కన్ను. లోపల యాడ వంకర, యాడ గీత, యాడ నలక, అంతా దాంట్లోనే ఉండాది. ఊరంతా ఎతికినా ఇంగొకరికి ఈ బొమ్మ రాదు."

శాస్త్రం సంగతి నేనెరుగను. నా కంటిలోని లోపాలు ఇంత సొంపుగా ఉంటాయని మాత్రం అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత అతని దృష్టిలో నాకు పేరు లేకుండా పోయింది. అతడు మనుషులను బొమ్మలతోనే గుర్తుపెట్టుకుంటాడు. బ్యాంకు మేనేజరు అతనికి తేలు. పోస్టాఫీసు కల్యాణవల్లి పనసతొన. అతని ఇల్లాలు నాగరత్నమ్మ మురుకు. "పెండ్లిసూపుల్లో అద్దాలు తియ్యమన్నాడు సామీ," అని ఆమె ఒకసారి కాఫీ ఇస్తూ చెప్పింది. "మొగం సూసుకునేదానికేమో అనుకొని సిగ్గుపడినాను. ఆ దీపానికి ఎన్ని కొమ్ములుండాయి అన్నాడు." నేను మాత్రం సంతలో, బస్టాండులో, నా శిష్యుల సమక్షంలో కూడా "మా ఇరిగిన దువ్వెన అయివోరు." పేరుకు ముందు బిరుదులు పెట్టుకున్న పండితులను నేను చాలామందిని ఎరుగుదును. ఇటువంటి బిరుదు మరొకరికి ఉన్నట్టు ఎక్కడా చదవలేదు.

అంగడికి ఎదురుగా కాఫీ దుకాణం నడిపే ఢిల్లీబాబు చూపు నిక్షేపమైనది. ఒకనాడు ముచ్చటపడి తానూ దీపం చూస్తానన్నాడు. చూసి, "సుక్క," అన్నాడు.

"మళ్లీ సూడు."

"సుక్కేనన్నా."

దొరస్వామి అతని భుజం మీద చేయి వేశాడు. "బాదపడొద్దురా అబ్బా. దేవుడు అందురికీ అన్నీ ఇయ్యడు," అన్నాడు. ఢిల్లీబాబు ఆ రోజంతా దిగులుగా కాఫీ కాచాడు. అందులో చక్కెర కూడా తక్కువైంది.

ఇంకొకసారి, అంగడి ముందు ఎవరో వదిలిపెట్టిన మోటారుసైకిలును గురించి విచారించడానికి ఎస్సై వచ్చాడు. ఎస్సైకి కళ్లజోడు ఉన్నది. అంతటితో విచారణ దిక్కు మారిపోయింది. పావుగంట తరువాత నేను పోయేసరికి ఎస్సై టోపీ ఒళ్లో పెట్టుకొని, నాలుక కొస పంటికింద నొక్కిపట్టి, శ్రద్ధగా గీస్తున్నాడు. "చేపముల్లు," అని దొరస్వామి నా చెవిలో అన్నాడు. "అట్లాంటిది జిల్లాలో రెండోది లేదు." మోటారుసైకిలు ఏమయిందో నాకు తెలియదు.

ఒక పెండ్లిలో, ముసురుసంధ్యవేళ పందిరికి వేలాడే సీరియల్ బల్బులను చూపి, మగపెండ్లివారి పెద్దలందరి చేత వరుసగా అద్దాలు తీయించాడు. ఎదుర్కోలుకు వచ్చిన ఆడపెండ్లివారు, పదకొండుమంది వియ్యాలవారు కళ్లు చికిలించి ఆకాశంకేసి చూస్తూ అంకెలు చెప్పుకోవడం గమనించి, ఇది వారి ఆచారం కాబోలునని తామూ ఆగి నిలబడ్డారు. నాదస్వరం కూడా ఆగింది.

బజారులో మగ్గాల పనికి పోయే ఆడవాళ్లు మాత్రం ఈ అంగడికే వచ్చేవారు. పక్కవీధిలో యంత్రాలతో మెరిసే పెద్ద అంగడి వెలసినా అటు తొంగి చూడలేదు. పెన్సిలు వద్దనేవారికి దొరస్వామి నూలుపోగుల ముక్కలు ఇచ్చేవాడు. వాళ్లు ఆ ముక్కలను గళ్ల కాగితం మీద పేర్చి చూపేవారు. "సీర నేసినట్టు ఉంటాది, అట్లయితేనే సరిగా వస్తాది," అనేవాడు. ఇది అతని వెర్రికి అనుబంధమని నేను అనుకున్నాను.

నా దినచర్య పుస్తకం ప్రకారం 2022 నాటికి నేను ఆ దీపాన్ని ఇరవైమూడు సార్లు గీశాను. కాడ ఊడినా, ముక్కుపట్టీ జారినా, పలకరించి పోదామని వచ్చినా గీయవలసిందే. అరవై అయిదేళ్లు వచ్చాయి. మోకాళ్లు సహకరించడం లేదు. నేను విసిగిపోయాను.

విసిగిన పండితుడు సంస్కరణకు పూనుకుంటాడు. ఆ అంగట్లో అక్షరాల పట్టిక లేకపోవడమే ఈ అనర్థానికంతటికీ మూలమని నేను నిర్ణయించాను. రెండు నెలలు శ్రమించి, దళసరి అట్టమీద నల్లసిరాతో, నా చేతివ్రాతతో పదకొండు వరుసల తెలుగు అక్షరాల పట్టిక తయారుచేశాను. పై వరుసలో చాటంత 'అ'. అడుగు వరుసలో ఆవగింజంత అక్షరాలు. బండి 'ఱ'కు కూడా చోటిచ్చాను. దొరస్వామి దానిని రెండు చేతులా అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ముత్యాలు అయివోరా," అన్నాడు. పట్టుచీరను మడిచినట్టు పంచెలో చుట్టి బీరువా వెనక పెట్టాడు.

వారం తరువాత, మెట్లెక్కితే గీయవలసి వస్తుందని, గుమ్మంలోనుంచే తొంగి చూశాను. గోడ ఖాళీగా ఉన్నది.

"తగిలించలేదేమి దొరస్వామీ?"

"మేకు లేదు అయివోరా."

మరుసటి వారం గోడ తడిగా ఉన్నది. ఆ తరువాత ఆషాఢమాసం. ఆ తరువాత సరిగ్గా ఆ చోటనే ఒక బల్లి కాపురం పెట్టింది, పిల్లల తల్లి, కదల్చకూడదు. నేను అడగడం మానుకున్నాను. కాని మనస్సులో నొచ్చుకున్నాను.

2022 నవంబరు పన్నెండు, శనివారం, ఉదయం పది గంటలు. రెండు రోజులుగా ముసురు. ముక్కుపట్టీ విరిగిన కళ్లజోడును చేత పట్టుకొని, గోడలు తడుముకుంటూ అంగడి చేరాను. దొరస్వామి అద్దాల కోసం చెన్నై రైలుకు పోయాడు. నాగరత్నమ్మ ఒక్కతే ఉన్నది. పరీక్షకు వాడే అద్దాలు మార్చి తొడగడం ఆమెకూ తెలుసు.

అంతలో ఒక నలభై అయిదేళ్ల మనిషి తడిసిన కొంగు పిండుకుంటూ వచ్చింది. పేరు వరదమ్మ. ఇరవై ఏళ్లుగా పవర్‌లూమ్‌లలో తెగిన పోగులు అతికే పని.

"అన్న లేడా? దీపం సూసి పోదామని వచ్చినా అక్కా. అడ్డపోగు బాగనే కనబడతాది. నిలువుపోగే రొండు రొండుగా ఉండాది. ఒగదానికి బదులు ఇంగోదాన్ని అతికేస్తా ఉండా. నాలుగు సీరలు పోయినాయి. సోమారం లోపల అద్దాలు పెట్టుకోని రా, లేదంటే ఇంటికాడనే ఉండమని ఓనరు సెప్పేసినాడు."

"ఆయన సాయంత్రానికి గానీ రాడు వరదమ్మా."

"సాయంత్రం షిప్టుకు పోవాల. రేపు ఆదివారం అంగడి ఉండదు కదక్కా."

ఆమె గొంతులోని ఆతురత నన్ను కదిలించింది. నా పట్టికకు కాలం వచ్చినదని కూడా తోచింది. ఈ రెండింటిలో ఏది ముందు తోచిందో ఇప్పుడు చెప్పడం కష్టం. బీరువా వెనకనుంచి అట్ట తీశాను. గోడ తడిమితే మేకు చేతికి తగిలింది. ఎన్నేళ్లుగా అక్కడే ఉన్నదో. బల్లి లేదు. పట్టిక తగిలించి, కొలబద్ద పట్టుకొని పక్కన నిలబడ్డాను. వరదమ్మను పద్దెనిమిది అడుగుల దూరాన కూర్చోబెట్టించాను. నాగరత్నమ్మ ఆమె వెనక, అద్దాల పెట్టెతో నిలబడ్డది.

"చెప్పమ్మా, ఇది ఏమిటి?"

వరదమ్మ చాలాసేపు చూసింది. "కనబడలేదు సామీ."

"నాగరత్నమ్మా, ఒక నంబరు పెంచు. ఇప్పుడో?"

"కనబడలేదు సామీ."

ఇంకా పెంచమన్నాను. నా కళ్లజోడు బల్లమీద విరిగి ఉన్నది కనుక నాకు అంత దూరాన మనుషులు రంగులుగా మాత్రమే తెలుస్తారు. వరదమ్మ ఒక ఆకుపచ్చ ముద్ద. దాని వెనక నాగరత్నమ్మ ఒక పసుపుపచ్చ ముద్ద. ఆ పసుపుపచ్చ ముద్ద అదే పనిగా అటూ ఇటూ ఊగుతున్నది, చేతులు ఆడిస్తున్నది. ముసురుకు దోమలు ఎక్కువయ్యాయి కాబోలు అనుకున్నాను.

నాలుగు, ఆరు, తొమ్మిది. చాటంత అక్షరం ఆమెకు కనబడలేదు. నాకు భయం వేసింది. కొలబద్ద దించి, వీలైనంత మృదువుగా చెప్పాను.

"అమ్మా, ఇది అద్దాలతో పోయేటట్టు లేదు. చూపు చాలావరకు పోయింది. పెద్ద ఆసుపత్రిలో చూపించుకో."

ఆకుపచ్చ ముద్ద కదలలేదు. "అయితే పని పోయినట్టేనా సామీ," అన్నది. ఏడవలేదు. మరెవరి విషయమో అడిగినట్టు అడిగింది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో గొడుగు దులిపిన చప్పుడు వినిపించింది. పట్టాలమీద నీళ్లు నిలిచి రైలు కదలలేదట. దొరస్వామి స్టేషనునుంచి వెనక్కి వచ్చాడు. లోపలికి వచ్చి ఆగిపోయాడు.

"ఎవురు తగిలించినారు?"

"నేనే. మేకు దొరికింది," అన్నాను.

అతడు వరదమ్మ దగ్గరికి పోయి ఆమె ముక్కుమీది బరువైన అద్దాలు తీసేశాడు. తరువాత వచ్చి నా పట్టికను గోడనుంచి దించాడు.

"ఈ చార్టు సూసి దిగులు పడతావా వరదమ్మా? ఇది అయివోరు యాడివో పాత పుస్తకాల్లో నుంచి దింపినారు. ఈ అచ్చరాలు ఇప్పుడు ఎవురికీ తెలీవు. నాకే తెలీవు. పనికిరాదని ఆయనకు ముందే సెప్పినా."

నా రెండు నెలల శ్రమ. ముత్యాలు. "అదేమి మాట దొరస్వామీ, పైన ఉన్నది అకారమే కదా," అని మొదలుపెట్టాను.

పసుపుపచ్చ ముద్ద నా పక్కనుంచి పోతూ నా పాదం తొక్కింది. పొరపాటున తొక్కలేదు. మడమతో, నిలకడగా తొక్కింది.

ఆ నొప్పితో పాటు నాకు విషయం బోధపడింది. చాటంత అకారాన్ని తొమ్మిది నంబరు అద్దంలో చూసినా వరదమ్మ ఎందుకు చెప్పలేకపోయిందో, చెప్పలేనిదాన్ని కనబడలేదని ఎందుకు అన్నదో తెలిసింది. అక్షరాలు చెప్పడమే వృత్తిగా బ్రతికినవాడికి అది తెలియడానికి కాలు తొక్కవలసి వచ్చింది.

"నిజమే," అన్నాను వరదమ్మతో. "అవి పాత అక్షరాలే. నాకే ఒక్కొక్కసారి తెలియవు. నీ చూపుకు ఏమీ కాలేదు, నేనే తప్పు చెప్పాను."

"సరే, కూర్సోండి అయివోరా," అన్నాడు దొరస్వామి. "ముందు మీరు. వరస తప్పకూడదు."

ఇరవైనాలుగవసారి గీశాను. తరువాత వరదమ్మ కూర్చున్నది. పెన్సిలు ముట్టలేదు. దొరస్వామి నూలు ముక్కలు ఆమె ఒళ్లో పోశాడు. ఆమె దీపాన్ని చూస్తూ, చూడకుండానే చేతులతో పోగులు పేర్చుకుంటూ పోయింది. నిలువునా ఒక పొడుగాటి గీత, దానికి ఇరుపక్కలా పొట్టివి. నా దువ్వెనకన్నా ఆ బొమ్మ ఎంతో పొందికగా ఉన్నది. ఆమె దీపంకేసి చూస్తున్నంతసేపూ దొరస్వామి ఒక దీపపు కడ్డీతో ఆమె కంటిలోకి వెలుగు వేసి, చూసి, అద్దాలు మారుస్తున్నాడు. పదకొండేళ్లుగా ఆ కడ్డీ నా కంటిలోకి కూడా వచ్చేది. కొమ్ముల లెక్కలో మునిగి నేను దానిని పట్టించుకోలేదు.

"ఇప్పుడు ఎన్ని కొమ్ములు వరదమ్మా?"

"రొండు తగ్గినాయన్నా."

"ఇప్పుడు?"

"పొడుగుది పొట్టిదయింది."

అద్దాన్ని గడియారపు ముల్లులాగా కొద్దికొద్దిగా తిప్పాడు.

"ఇప్పుడు?"

వరదమ్మ చేతిలోని పోగును ఒళ్లో వదిలేసింది. "సుక్క," అన్నది. "సుక్కేనన్నా."

ఆమె కంటికి దూరపు పవరు అర నంబరు మాత్రమే. అడ్డదిడ్డమంతా కంటి వంపులో ఉన్నది. దానికి వేరే అద్దం కావాలి. ఆ అద్దం అతని సొరుగులోనే ఉన్నది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా సానపట్టి ఫ్రేములో బిగించి ఇచ్చాడు. ఆమె అద్దాలు పెట్టుకొని తన కొంగునే ముఖానికి ఎదురుగా చాచి పట్టుకున్నది. "పోగు పోగూ లెక్కపెట్టొచ్చు," అని నవ్వి, వానలోకి పోయింది.

ఆమె పోయాక నేను అడిగాను. "ఆమెకు చదువు రాదని నాతో ఒక్క మాట చెప్పి ఉండవచ్చు కదా."

"సెప్తే మీకు తెలుస్తాది కదా అయివోరా. అది ఆమెకు ఇష్టం లేదు."

"చదువు రానివాళ్లకు వేరే పట్టిక ఉంటుందట. మూడు కాళ్ల బొమ్మ ఎటు తిరిగి ఉన్నదో చేత్తో చూపమంటారట."

"ఉండాది. ఆ చార్టు తిప్పినప్పుడల్లా అంగట్లో ఉండే పదిమందీ తిరిగి ఆ మనిషినే సూస్తారు. మా నాయన కూడా సదువుకోలేదు. చిత్తూరులో ఒగ అంగట్లో కనబడలేదు, కనబడలేదు అని సెప్పి సోడాబుడ్డి అద్దాలు తగిలించుకోని వచ్చినాడు. అవి పెట్టుకోని మెట్టుమీద నుంచి పడినాడు. ఎందుకట్ల సెప్పినావు నాయనా అంటే, ఆడ పక్కన మన ఊరోళ్లు ఉండారురా అన్నాడు."

"అందుకని బ్యాంకు మేనేజరు చేత, ఎస్సై చేత, నా చేత కూడా గీయించావు."

"అందురూ గీస్తే ఎవురికి సదువొచ్చో, ఎవురికి రాదో తెలీదు కదా."

"అయితే ఈ కొమ్ముల పిచ్చి అంతా నటన అన్నమాట."

దొరస్వామి నిజంగా నొచ్చుకున్నాడు. "నటనా? ఎవురు సెప్పినారు?" అని, ఇందాక నేను గీసిన కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. "ఇది ఏడా, ఎనిమిదా? సరిగ్గా సెప్పండి. ఈ పక్కన ఏదో ఉండాది."

ఆ విషయమై మేము నాలుగు గంటల వరకు కూర్చున్నాము.

తరువాత జరిగినవి ఇవి. వరదమ్మ సోమవారం పనికి పోయింది, ఇప్పటికీ పోతున్నది. దొరస్వామి కంటిలో 2024 జూలైలో శుక్లం తీసి కృత్రిమ కటకం అమర్చారు. కొమ్ములన్నీ పాత కటకంలోనివేనట. దీపం ఒట్టి చుక్కగా కనబడేసరికి అతడు వారం రోజులు అన్నం సహించక కూర్చున్నాడు. ఢిల్లీబాబు వచ్చి అతని భుజం మీద చేయి వేసి పోయాడు. ఎనిమిదవనాడు ఆ చుక్కకు కింద సన్నని తోక ఒకటి ఉన్నట్టు కనిపెట్టి, కబురు పంపి నన్ను పిలిపించాడు. నా అక్షరాల పట్టిక గోడకే ఉన్నది. మొగం గోడవైపు, వీపు ఇటువైపు. ఆ వీపుకే గళ్ల కాగితాలు గుచ్చుతారు. అంగడికి కొత్తగా వచ్చినవారు ఎవరైనా బెరుకుగా నిలబడితే, నేను అక్కడ ఉన్న పక్షంలో, అడగకముందే కళ్లజోడు తీసి మొదట కూర్చుంటాను. నిన్నటితో ముప్పై ఎనిమిది సార్లయింది. కొమ్ములు ఏడే.